తంత్రీవాద్యముల స్వరలేఖనము

వాయులీనము, వయోలా, చెల్లో, డబుల్ బాస్ అను నాలుగు కమాను వాద్యములకు ఉద్దిష్టమైన సంగీతమును, వాద్యకారుడు చూచి వాయింపగలుగునట్లు, గుర్తులతో కాగితముపై నిలుపు విద్యకు తంత్రీవాద్య స్వరలేఖనమని పేరు. ఒకప్పుడు ఈ పని లేఖకుని కలముతోను, అటుపిమ్మట లోహపు పలకపై ఉలితోను సాగి, గడచిన నలువది యేండ్లలో క్రమముగా కంప్యూటరు వశమైనది. పనిముట్టు మారినను ఈ విద్యయొక్క మూలప్రశ్న మారలేదు. గాత్రమునకు వ్రాయు స్వరలిపి ప్రధానముగా ఏ ధ్వని వినబడవలెనో చెప్పును. తంత్రీవాద్యమునకు వ్రాయునది దానితోపాటు కుడిచేతి కమాను ఎప్పుడు క్రిందికి దిగవలెనో, ఎప్పుడు పైకి పోవలెనో, ఎడమచేతి వ్రేలు తీగపై నిలువవలెనో జారవలెనో కూడ చెప్పవలసియుండును. ఈ రెండు చేతుల వ్యవహారమును మఱచిన పుట ఎంత అందముగా అచ్చుపడినను వాద్యకారునకు కొఱగాదు.

ఈ విద్యను మన నేలకు తెచ్చి చూతము. కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లెలు సింఫనీ వాద్యబృందముల ఊళ్ళు కావు. అయినను ఫిడేలు ఈ సీమకు పరాయి వాద్యమును కాదు. హరికథకుని ప్రక్కను మృదంగముతోపాటు కూర్చుండునది, గాత్రకచేరీలో గాయకుని నీడవలె వెన్నంటునది, శ్రీరామనవమి పందిళ్ళలో అర్ధరాత్రివఱకు మ్రోగునది ఆ ఫిడేలే. నాటకరంగమున హార్మోనియము పైచేయి సాధించినది నిజమే. స్థానం నరసింహారావువంటి నటుని కన్న బాపట్లయు, ఆయన నటజీవితమునకు ఆలవాలమైన తెనాలియు పద్యనాటకమును హార్మోనియపు మెట్లమీదనే పెంచి పోషించినవి. కాని హార్మోనియము స్వరములను విడివిడిగా పలుకును. ఒక స్వరమునుండి మఱొక స్వరమునకు జారు త్రోవ దానికి లేదు. ఆ త్రోవ ఫిడేలునకు కలదు. స్వరలేఖకుని కష్టమంతయు ఆ త్రోవను గుర్తులలోనికి దింపుటయందే యున్నది.

ఫిడేలు కర్ణాటక సంగీతమున ప్రవేశించినది 19వ శతాబ్ది ప్రథమపాదమునకు అటునిటుగా. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడగు బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసు ప్రాంతమున ఐరోపీయ వాద్యకారునివద్ద దీనిని అభ్యసించి మన రాగములకు వినియోగించెను. తంజావూరి సోదరచతుష్టయములోని వడివేలు తిరువాన్కూరు ఆస్థానమున దీనికి ప్రతిష్ఠ తెచ్చెను. ఐరోపాలో గ్రీవమును భుజముమీదుగా ముందునకు చాచి నిలువబడియో కుర్చీమీద కూర్చుండియో వాయించు వాద్యము ఇచ్చట నేలకు దిగినది: వాద్యకారుడు పద్మాసనమునకు దగ్గఱి భంగిమలో కూర్చుండి, కొనను కుడిపాదపు మడమకు ఆనించి, రెండవ కొనను రొమ్మునకు చేర్చి వాయించును. ఈ ఆనికవలన ఎడమచేతికి వాద్యమును మోయు భారము తప్పి, వ్రేళ్ళు తీగపొడవునను స్వేచ్ఛగా జారుటకు వీలు కలిగినది. శ్రుతి చేయు విధమును మారినది. ఐరోపీయ ఫిడేలు తీగలు జి, డి, ఎ, ఇ అని పంచమాంతరములతో సాగగా, మనవి మంద్రషడ్జము, మంద్రపంచమము, మధ్యషడ్జము, మధ్యపంచమము అను వరుసలో, గాయకుని శ్రుతినిబట్టి దించుకొనియో బిగించుకొనియో ఏర్పడును.

ఈ వాద్యమును తెలుగుదేశమున సర్వజనసమ్మతము చేసినవారిలో ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) అగ్రగణ్యుడు. ఆయన 1919లో స్థాపితమైన విజయనగర సంగీత కళాశాలలో ఆచార్యుడై, 1936లో దాని అధ్యక్షత వహించి, 'ఫిడేలు నాయుడు' అను పేరు పొందెను. పాశ్చాత్య వాయులీన సంగీతమునందు ఆయనకు గల ఆదరము, దీర్ఘమైన కమాను పట్టులయందు ఆయన చూపిన శ్రద్ధ సుప్రసిద్ధములు. రెండు సంప్రదాయముల కమానును ఒక్క చేతిలో ఎఱిగిన ఆయనవంటి వారి వాదనమును వ్రాతలో పెట్టుటకు ఏ లిపి చాలును? ఈ ప్రశ్నకు సమాధానము నాయుడుగారి యౌవనమునకు ముందే ఒక తెలుగు గ్రంథమున సగముదూరము సాగియున్నది.

ఆ గ్రంథము సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. బాలుస్వామి దీక్షితుల దౌహిత్రుడును దత్తపుత్రుడును అగు సుబ్బరామ దీక్షితులు (1839–1906) ఎట్టయపురము సంస్థానమున ఉండి, తమిళదేశమున, తెలుగు లిపిలో, 1904లో దీనిని అచ్చొత్తించెను. అంతకు పదియేండ్లకు పూర్వమే చిన్నస్వామి మొదలియారు మద్రాసున త్యాగరాజాదుల కృతులను ఐరోపీయ పంచరేఖా లిపిలోనికి ఎత్తి ప్రకటింపసాగెను. గ్రంథరచనకు దీక్షితులను పురికొల్పినవారిలో ఆయనయు ఒకడు. మొదలియారు చేసిన పనిలో స్వరస్థానము, కాలము స్పష్టములు. దీక్షితులు చేసిన పనిలో వానికి తోడు, స్వరములను ఊపి, జార్చి పలికించు గమకములు కలవు. కంపితమునకు అలలవంటి గీత, పైకి ఎగబ్రాకు జారునకు ఒక వాలుగీత, క్రిందికి దిగు జారునకు ఎదురువాలుగీత, స్ఫురితమునకు త్రిభుజాకారమున మూడు చుక్కలు, నొక్కు, రవ, వళి, ఖండింపు మున్నగువానికి వేర్వేరు గుర్తులు ఆయన ఏర్పఱచెను. గమనింపదగిన విశేష మేమనగా, ఈ గుర్తులను ఆయన వివరించునపుడు చెవికి ఎట్లుండునో చెప్పి ఊరకొనక, వీణమెట్టుపై వ్రేలుంచి తీగను ఎట్లు కదల్పవలెనో చెప్పును. అనగా ఇది చేతికి వ్రాసిన లిపి. తంత్రీవాద్య స్వరలేఖన చరిత్రలో తెలుగు లిపికి గౌరవస్థాన మున్నదని ఈ వ్యాసకర్త నమ్మకము. ఐరోపీయ గ్రంథములలో ఈ ప్రస్తావన రాకుండుట కొఱతయే.

ఇక ఐరోపీయ పద్ధతి. అయిదు అడ్డగీతలపైనను నడుమనను స్వరబిందువులుంచు లిపిలో, ఏ గీత ఏ స్వరమునకు చెందునో తెలుపు మొదటి గుర్తును క్లెఫ్ అందురు. వాయులీనమునకు ట్రెబుల్ క్లెఫ్, వయోలాకు ఆల్టో క్లెఫ్, చెల్లోకు బాస్ క్లెఫ్ వాడుక. చెల్లో పైస్థాయికి పోవునపుడు టెనర్ క్లెఫ్ వచ్చును. డబుల్ బాస్ స్వరములు వ్రాసినదానికన్న ఒక స్థాయి క్రింద పలుకును. కమాను క్రిందికి లాగుటకు అడుగు తెఱచిన చదరపు గుర్తును, పైకి నెట్టుటకు ఇంగ్లీషు 'వీ' అక్షరమువంటి గుర్తును స్వరముపై వ్రాయుదురు. ఒక్క కమాను లాగులో వచ్చు స్వరములన్నిటిపై స్లర్ అను వంపుగీత పడును. కమాను విడిచి వ్రేలితో మీటుటకు పిజ్జికాటో అనియు, మరల కమాను పట్టుటకు ఆర్కో అనియు, తీగలను మోయు గుఱ్ఱము (బ్రిడ్జి) దగ్గఱగా కమాను నడుపుటకు సుల్ పొంటిచెల్లో అనియు ఇటాలియను మాటలు నిలిచియున్నవి. తీగను అదిమిపట్టక తాకి పలికించు హార్మోనిక్ స్వరములకు చిన్న సున్నయో, వజ్రాకారపు స్వరబిందువో వాడుదురు.

ఇందు రచయిత తెలియక పొరపడు చోటు జంటస్వరములు. వాయులీనమున రెండు స్వరములను ఒక్కసారి పలికింపవలెనన్న అవి రెండు ప్రక్కతీగలపై ఉండవలెను. అడుగుతీగ జి, దాని పైతీగ డి. జి స్వరమును దానికి కొంచెము పైనున్న బి స్వరమును కలిపి వ్రాసినచో, ఆ రెండును అడుగుతీగపైననే దొరకునవి గనుక, ఏ విద్వాంసుడును వానిని ఒక్కసారి వాయింపజాలడు. పియానోముందు కూర్చుండి వ్రాసినవానికి ఈ సంగతి తట్టదు. కంప్యూటరునకును తట్టదు. వాద్యపరిధి దాటిన స్వరమును ఎఱ్ఱగా చూపు సాఫ్ట్‌వేరులు కలవు గాని, పరిధిలోనే యున్న ఈ అసాధ్యమైన జంటను అవి సాధారణముగా నల్లగానే అంగీకరించి, స్పీకరులో శ్రావ్యముగా వినిపించును. తప్పు బయటపడునది వాద్యకారుని చేతిలో. దీనికి ప్రతిగా మన వాద్యకారుడు తీగలను జి కన్న క్రిందికి దించి శ్రుతి చేసికొన్నచో, నిర్దుష్టమైన స్వరముసైతము తెరపై ఎఱ్ఱబాఱును. తీగల శ్రుతిని మార్చి తెలుపు వీలు సాఫ్ట్‌వేరులో ఉన్నచో ముందుగా దానిని సవరించి పిమ్మట పనికి పూనుకొనవలెను.

స్వరలిపి ముద్రణము 1501లో వెనిసునగరమున ఒట్టావియానో పెట్రూచి ప్రకటించిన గ్రంథముతో ప్రసిద్ధికెక్కినది. ఆయన గీతలను, స్వరములను వేర్వేరుగా అచ్చొత్తి ఒకదానిపై ఒకటి పడునట్లు చేసెను. కాలక్రమమున పలకలపై చెక్కుడుపని వచ్చినది. తగరము ప్రధానముగా గల మెత్తని లోహపుపలకపై అయిదు కోఱల పనిముట్టుతో గీతలు గీచి, స్వరబిందువులను గ్రుద్దు ఉలులతో మోది, కాడలను, వంపుగీతలను చేతితో చెక్కెడివారు. అదియంతయు అద్దములో కనబడునట్లు కుడియెడమలు తాఱుమారుగా. ఆ పనివారు కనిపెట్టిన సూక్ష్మములలో ఒకటి నేటికిని ప్రమాణము: రెట్టింపు కాలము గల స్వరమునకు రెట్టింపు చోటు ఈయరాదు. ఇంచుమించు ఒకటిన్నర రెట్లు ఇచ్చిననే కన్ను తడబడక సాగును. రెట్టింపు పూర్తిగా ఈయబడిన పుట వెలితిగాను, సమముగా పంచిన పుట ఇఱుకుగాను తోచును. నేటి సాఫ్ట్‌వేరు ఈ ఎడమును తానే లెక్కించును. ఆ లెక్కలో చెక్కుడుపనివారి కంటియనుభవము దాగియున్నది.

సాఫ్ట్‌వేరుల పుట్టుపూర్వములు క్లుప్తముగా చెప్పదగినవి. ఫినాలే 1988లో వెలువడి 2024లో నిలిపివేయబడెను. ఇంగ్లండున కవలసోదరులగు ఫిన్ సోదరులు రచించిన సిబేలియస్ 1993లో అంగడికి వచ్చినది. 1996లో హాలండున మొదలైన లిలీపాండ్, 2002లో మొదలైన మ్యూజ్‌స్కోర్ ఉచితములు, ఎవ్వరైనను దింపుకొనవచ్చును. 2016లో డోరికో వచ్చెను. వీనిలో లిలీపాండ్ తీరు వేఱు: అందు తెరపై స్వరములను గీయుట లేదు, స్వరముల పేర్లను, కాలపు అంకెలను, కమాను గుర్తుల పేర్లను మాటలుగా వ్రాసిపెట్టినచో అది పుటను తానే కూర్చి యిచ్చును. ఒక సాఫ్ట్‌వేరునుండి మఱొకదానికి పని తరలించుటకు 1983నాటి మిడి పద్ధతి చాలదు. అది ఏ మెట్టు ఎప్పుడు నొక్కబడి ఎప్పుడు విడువబడినదో మోయును గాని కమాను దిక్కును ఎఱుగదు. 2004లో వచ్చిన మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ ఆ దిక్కునుకూడ మోయును. ఫినాలే నిలిచిపోయిన పిమ్మట దానిలో సంవత్సరముల తరబడి వ్రాసిపెట్టుకొన్నవారికి ఈ తరలింపుదారి ఎంత ఆవశ్యకమో తెలిసివచ్చినది. ఫిడేలు పార్టులు, అనగా ఆ వాద్యమునకు విడిగా తీసిన పుటలు, వ్రాయువాడు ప్రతి కృతిని ఈ రూపమునను, ముద్రణయోగ్యమగు పీడీఎఫ్ రూపమునను భద్రపఱచుకొనుట మేలు.

కర్ణాటక సంగీతమును పంచరేఖలపై ఎక్కించునపుడు మొదటి నిర్ణయము షడ్జమును గుఱించినది. వాద్యమున నిజముగా మ్రోగు స్థానముననే వ్రాయవచ్చును; లేదా షడ్జమును ఎల్లప్పుడును సి గా భావించి వ్రాయవచ్చును. రెండవ దారిలో రాగముల పోలిక తేటపడును. తోడిరాగమునకు అట్లు నాలుగు కోమలస్వరములు కావలెను. ఐరోపీయులు నాలుగు ఫ్లాటులు పెట్టు వరుస సరిగా అవే గనుక చిక్కు లేదు. మాయామాళవగౌళకు మాత్రము రిషభధైవతములు కోమలములు, గాంధారనిషాదములు తీవ్రములు. ఐరోపా వరుసలలో ఇట్టి కలయిక లేదు. ప్రతి రిషభమునకు, ప్రతి ధైవతమునకు ముందు గుర్తు తగిలించుటకు బదులు మొదటనే మన రాగమునకు తగిన వరుసను మనమే కూర్చుకొను సౌకర్యము లిలీపాండ్‌లోను మ్యూజ్‌స్కోర్‌లోను కలదు. సరళీస్వరములు నేర్చు పిల్లవాని మొదటి రాగమే ఇది యగుటచేత, ఈ సౌకర్యము లేని సాఫ్ట్‌వేరు మన బడిలో మొదటి పాఠమునందే తప్పిపోవును.

స్థానము కుదిరినంతమాత్రమున రాగము కుదురదు. తోడి గాంధారము కాగితముపై ఒక్క బిందువు. ఫిడేలు వ్రేలు మాత్రము రిషభమునకును మధ్యమమునకును నడుమ ఊగుచు ఆ గాంధారమును స్ఫురింపజేయును. సాఫ్ట్‌వేరు ఆ బిందువును వినిపించునపుడు వచ్చునది తోడి కాదు. ఆ ఊగును చిన్నచిన్న స్వరములుగా విడగొట్టి వ్రాయబూనినచో పుట నల్లబడి, అంతయు సమానమైన స్వరములై, గాంధారమే కనుమఱుగగును. కాబట్టి బిందువును ఒక్కటిగానే ఉంచి, దానిపై దీక్షితుల అలగీతను నిలిపి, ఆ అల ఏ స్వరములనడుమనో పాదసూచికలో ఒక్కమాట చెప్పుట ఉత్తమమార్గము. జారులకు ఐరోపీయుల గ్లిస్సాండో గీత పనికివచ్చును గాని, అది సమవేగమున జారుటను సూచించును. మన జారు తఱచు మొదటిస్వరమున నిలిచి చివర వడిగా సాగును. గీతను స్వరమధ్యమునుండి మొదలుపెట్టి గీచిన చదువరికి ఆ సంగతి అందును.

సాహిత్యము చేర్చునపుడు తెలుగు లిపి ఉపకారమును చేయును, పరీక్షయు పెట్టును. 'భక్తి' అను మాటను ఇంగ్లీషు లిపిలో విడదీయువారు కకారమును ముందక్షరమునకు చేర్తురు. తెలుగున అది భ-క్తి. గాయకుడు నిజముగా భకారముపైని అచ్చును సాగదీసి, తరువాతి స్వరముతో క్తి అందుకొనును. ఫిడేలు వాద్యకారుడును ఆ 'క్తి' దగ్గఱనే కమాను త్రిప్పి హల్లుల తాకిడిని వినిపించును. అనగా మన అక్షరవిభాగమే కమాను విభాగము. సాహిత్యమును తెలుగు లిపిలో తెలుగు తీరున విడదీసి స్వరములక్రింద పెట్టినచో సగము కమాను గుర్తులు వ్రాయనక్కఱలేకయే చదువరికి తెలియును. పరీక్ష ఎక్కడనగా ఒత్తులవద్ద. ఇంగ్లీషు అక్షరములకు చాలు వరుసయెడము తెలుగు ఒత్తునకు చాలదు. పైవరుస ఒత్తు క్రిందివరుస స్వరబిందువులను తాకును. యూనికోడు అక్షరములను సరిగా కూర్చలేని పాత సాఫ్ట్‌వేరులలో ఒత్తు విడిపోయి ప్రక్కన పడును. ఊళ్ళలోని డీటీపీ కేంద్రములందు నేటికిని విరివిగా వాడబడు 'అను' అనెడి పేరుగల ఫాంట్లు యూనికోడు కానందున, అక్కడ కూర్చిన సాహిత్యమును స్వరలిపి సాఫ్ట్‌వేరులోనికి తెచ్చి అతికించినచో అర్థము లేని గుర్తులు వచ్చును. యూనికోడులోనికి మార్చికొనియే తేవలెను.

స్వరాక్షరముల లిపినే కంప్యూటరుపై కూర్చువారికి చిక్కు మఱొక విధమున ఎదురగును. తారస్థాయికి అక్షరముపై చుక్క. మంద్రమునకు క్రింద చుక్క. రెండవకాలమునకు పైన ఒక అడ్డగీత, మూడవకాలమునకు రెండు. వానిపై గమకపు గుర్తు. 'స'కు తలకట్టు, 'రి', 'ని'లకు గుడి ముందే పైనున్నవి. తారస్థాయి రిషభము రెండవకాలమున కంపితముతో వచ్చినచో గుడి, చుక్క, గీత, అల అను నాలుగు వస్తువులు ఒక్క అక్షరము నెత్తిపై కెక్కును. చుక్క గుడిలో కలిసిపోయిన పుటలు మన పాఠ్యగ్రంథములలో లెక్కకు మిక్కిలి. బాలురు తారరిషభమును మధ్యరిషభముగా చదువుట వారి తప్పు కాదు. చుక్కను గుడికి కనీసము ఒక చుక్కవెడల్పు ఎడముగా ఎత్తి, గీతను అన్ని అక్షరములపైనను ఒకే ఎత్తున నడిపి, గమకమును ఆ గీతకు పైననే ఉంచుట శ్రేయస్కరము.

ఈ సీమనుండి మద్రాసుకు పోయిన రైలు స్వరలేఖనమునకు మఱొక లోకమును చూపినది. రేపల్లె తాలూకా పల్లపట్లలో 1938లో జన్మించిన గాయని ఎస్. జానకి, బాపట్ల సమీపమున అప్పికట్లవాడగు కవి కొసరాజు, ఈ ప్రాంతపువాడే యగు గాయకుడు మాధవపెద్ది సత్యం మద్రాసు చలనచిత్రసీమలో పేరు గడించిరి. అచ్చటి స్టూడియోలలో గాయకులు తెలుగు లిపిలో సాహిత్యము చేతబట్టి నిలువగా, వారి వెనుక ఫిడేళ్ళ బృందము పంచరేఖా లిపిలోని పార్టులు చూచి వాయించెడిది. జానకి పాడిన 'సాగరసంగమం' (1983) వంటి చిత్రములకు సంగీతము కూర్చిన ఇళయరాజా తంత్రీవాద్యముల భాగములను తానే పంచరేఖలపై వ్రాయుటకు ప్రసిద్ధుడు. ఆయన బృందమున వాయులీనము వాయించిన వి. ఎస్. నరసింహన్ పిమ్మట మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్ స్థాపించి, కర్ణాటక కృతులను రెండు వాయులీనములు, వయోలా, చెల్లోలకు అమర్చి వ్రాసెను. ఒక్క ఫిడేలు గమకమును తన ఇష్టము వచ్చినట్లు సాగింపవచ్చును; నలుగురు కలిసి వాయించునపుడు ఊగు ఎంతమాత్రమో, జారు ఎప్పుడు ముగియునో ముందే ఒప్పుకొనవలెను. కృతిని క్వార్టెట్‌గా వ్రాయుటలోని శ్రమ అంతయు ఆ ఒప్పుదలను కాగితముపై పెట్టుటయే.

సినిమాపాటకును కచేరీకృతికిని వెలుపల, రాగతాళములు తలపై పేర్కొన్న కీర్తనలను తరతరములుగా నోటిపాఠముగనే నడుపుకొనుచున్న ఆంధ్ర క్రైస్తవ సమాజములు బాపట్లలోను, తెనాలి, రేపల్లె ప్రాంతములలోను కలవు. ఆ వరుసలను ఫిడేళ్ళకు వ్రాసి పెట్టుట ఈ సాఫ్ట్‌వేరులకు తగిన పని.

పార్టులు తీయుట చివరి ఘట్టము. అందఱి వాద్యములు ఒక్కచోట కనబడు పుటను స్కోరు అందురు. ఒక్కొక్క వాద్యమునకు విడదీసినది పార్టు. పెద్ద బృందమున మొదటి ఫిడేళ్ళు 16, రెండవవి 14, వయోలాలు 12, చెల్లోలు 10, డబుల్ బాసులు 8 వఱకు ఉండగా, ఇద్దఱికి ఒక్క పార్టు చొప్పున అమర్చుదురు. పుట త్రిప్పవలసినపుడు ఇద్దఱిలో లోవైపున కూర్చున్నవాడు వాదనము ఆపి త్రిప్పును. ఆ క్షణమున ధ్వని సగమగును. అందుచేత విరామము వచ్చు చోటనే పుట ముగియునట్లు కూర్చుట లేఖకుని ధర్మము. సాఫ్ట్‌వేరు తనంత తాను కూర్చిన పార్టును అట్లే అచ్చునకు పంపరాదు. ప్రతి కుడిపుట చివరను చూచి, విరామము లేనిచో ముందుపుటలోని వరుసలను సడలించియో బిగించియో తేవలెను.

ఐరోపీయ వాద్యకారులు స్టాండుపై, కంటికి రెండడుగుల దూరమున చదువుదురు గనుక వారి పార్టులలో అయిదుగీతల ఎత్తు సుమారు ఏడు మిల్లీమీటర్లు. మన ఫిడేలు విద్యార్థి నేలపై కూర్చుండి, కొనను పాదమున ఆనించి, పుస్తకమును చాపమీదనో తక్కువ ఎత్తు పీటమీదనో తెఱచి ఉంచును. కమాను చేయి, ఫిడేలు కొన రెండును కంటికిని పుస్తకమునకును నడుమ ఆడుచుండును. ఆ దూరమునకు ఏడు మిల్లీమీటర్లు చాలవు, తొమ్మిది ఉండవలెను. స్వరాక్షరములు పదునెనిమిది పాయింట్లకు తగ్గరాదు. ఎ-4 కాగితము అడ్డముగా పెట్టి, పుటకు ఆఱు వరుసలకు మించకుండ, వెలుతురునకు మెఱయని ముతకకాగితముపై అచ్చువేయించినచో, తలవంచి వెదకనక్కఱలేక చూపు ఒక్క దింపులో అందుకొనును, కమాను ఆగదు.